ఎరెవాన్‌లో దమ్ము పట్టడం

మా తాతయ్య బతుకంతా ఒకే స్వరం ఊదాడు.

చీరాల వైపు మా పల్లెలో ఒక సన్నాయి మేళం ఉండేది. పెదతాతది సన్నాయి, ఆయన బావమరిదిది డోలు, మా తాతయ్యది ఒత్తు. ఒత్తంటే ఏమిటో ఇప్పటివాళ్లకి చెప్పాల్సిందే. చూడ్డానికి సన్నాయిలాగే పొడుగ్గా ఉంటుంది, పీక ఉంటుంది, వేళ్లకి మాత్రం పని ఉండదు. కింది చిల్లుల్ని మైనంతో మూసి శ్రుతి సరిచేసుకుని, మగపెళ్లివారు విడిది దిగిన దగ్గర్నుంచి తలంబ్రాలు అయ్యేదాకా ఆ షడ్జాన్ని తెగనివ్వకుండా పట్టుకోవాలి. పెళ్లి వీడియోల్లో తాతయ్య ఎక్కడా కనపడడు. కెమెరా ఎప్పుడూ సన్నాయి వేళ్ల మీదే. తర్వాత కరెంటు శ్రుతి పెట్టె వచ్చింది. మేళానికి ఒక మనిషి కూలి మిగిలింది. ఆ మనిషి మా తాతయ్య.

ఆర్మేనియా పాటల గురించి చెప్పబోతూ తాతయ్యతో మొదలుపెట్టాడేంటి అనుకోకండి. ఆయన లేకుండా ఈ సంగతి చెప్పడం నాకు రాదు.

మెడిసిన్ చదవడానికి ఆర్మేనియా రాజధాని ఎరెవాన్ వచ్చే మనవాళ్లలో తెలుగు పిల్లలూ ఉంటారు. నేనూ అలాగే వచ్చాను. మొదటి రెండేళ్లూ నాకు ఆర్మేనియా అంటే అనాటమీ పుస్తకాలు, జైతున్‌లో హాస్టల్ గది, ఎముకలు కొరికే చలి, మన పెరుగుకి దగ్గరి చుట్టంలాంటి మత్సున్. అంతే. మూడో ఏడు అక్టోబరులో ఒక సాయంత్రం రోడ్డు కింది దారిలోంచి నడుస్తుంటే ఒకాయన దుదుక్ ఊదుతున్నాడు. మన సన్నాయిలా పీకతో ఊదే ఆర్మేనియన్ వాద్యం అది. రాగం బాగుంది, కాదనను. కానీ నా కాళ్లు ఆగింది రాగానికి కాదు. దాని కింద ఒక స్వరం కదలకుండా పరుచుకుని ఉంది. మా ఇంటి స్వరం అది. రెండో మనిషి ఎక్కడా అని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆ స్వరం ఆయన కాళ్ల దగ్గరున్న చిన్న స్పీకర్‌లోంచి వస్తోంది.

ఇక్కడా పెట్టె వచ్చేసిందన్నమాట.

ఆ ఆదివారమే రిపబ్లిక్ స్క్వేర్ దగ్గర వెర్నిసాజ్ సంతకి వెళ్లి 5,000 ద్రాములు పెట్టి ఒక దుదుక్ కొన్నాను. హాస్టల్‌కొచ్చి ఊదితే గాలి తప్ప ఏం రాలేదు. ఇంకా గట్టిగా ఊదితే చెవుల్లో గుయ్యిమంది. మా గదిలో నల్లగొండ కుర్రాడు ఒకడున్నాడు. "ఏంది రా, పొయ్యి ఊదుతున్నవా?" అన్నాడు. కింద కిరాణా కొట్టు నడిపే పెద్దావిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇది గోడకి తగిలించుకునేదిలే అని నవ్వి, పక్క భవనం సెల్లార్లో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి పంపింది. డెబ్బై దాటిన మనిషి. ఉద్యోగం రోజుల్లో ట్రాలీబస్సు నడిపేవారట. అందరూ ఆయన్ని వర్పెత్ అంటారు. పనితనం తెలిసినవాడని, మన ఉస్తాద్ లాంటి మాట. నేనూ అలాగే పిలిచాను.

ఇండియా నుంచి వచ్చానంటే ఆయన నోట మొదట వచ్చిన మాట "మద్రాస్?" నేను తెల్లబోయాను. ఢిల్లీ అనో, షారుఖ్ ఖాన్ అనో అంటారు అందరూ. తర్వాత తెలిసింది, ఆర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక అజ్దరార్ 1794లో అచ్చయింది మద్రాసులోనే. అక్కడ ఆర్మేనియన్ వీధి, 1772 నాటి చర్చి ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్ ఉప్పుగూడలోనూ ఆర్మేనియన్ల పాత సమాధులున్నాయి. చీరాల స్టేషన్లో రైలెక్కితే దిగేది మద్రాసులోనే అని చెప్పాక ఆయన నన్ను స్టూలు మీద కూర్చోమన్నారు.

ఆయన చెప్పింది సూటిగా ఇది. ఆయన తమ్ముడు ముప్పై ఏళ్లు ఆయన పక్కన దమ్ పట్టాడు. ఇప్పుడు కొడుకు దగ్గరికి రష్యా వెళ్లిపోయాడు. పాట నేర్చుకుంటామని వచ్చేవాళ్లకి కొదవలేదు. దమ్ పట్టే మనిషే దొరకడం లేదు. "నీకు నేర్పుతాను. కానీ ముందు నాకు దమ్ పట్టాలి."

దమ్ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట, ఊపిరి అని అర్థం. మన దమ్ముంటే రా, దమ్ బిర్యానీ అన్నీ ఆ ఇంటి పిల్లలే. దుదుక్ ఎప్పుడూ జంటగా ఉండాలి. ఒకరు పాట నడిపిస్తారు, రెండోవారు ఆధార స్వరాన్ని తెంపకుండా పట్టుకుంటారు. మన భాషలో ఒకడు ఇంకొకడికి వంత పాడుతున్నాడంటే తిట్టు. ఆర్మేనియన్‌లో దమ్‌ని 'పహెల్' చేస్తారు. పట్టుకోవడం, దాచి ఉంచడం, పిల్లల్ని సాకడం, అన్నిటికీ అదే మాట. నేను నవ్వాను. మా కుల విద్యే వెతుక్కుంటూ వచ్చింది.

వాద్యం సంగతి కొంచెం చెప్పాలి. దుదుక్‌ని ఆప్రికాట్ కర్రతో చేస్తారు. ఆప్రికాట్‌ని వాళ్లు త్సిరాన్ అంటారు, అందుకే దుదుక్‌కి త్సిరానాపోఘ్ అని ఇంకో పేరు, అంటే త్సిరాన్ బూర. ఆ చెట్టు శాస్త్రీయ నామంలోనే ఆర్మేనియా పేరుంది కాబట్టి వీళ్లకి దాని మీద అంత పంతం. ముందు ఎనిమిది చిల్లులు, వెనక బొటనవేలికి ఒకటి. పొడవు 28 నుంచి 40 సెంటీమీటర్లు. స్వరం మొత్తం కలిపితే ఒక స్థాయి మీద కాస్త. అంత చిన్న జాగాలో చిల్లుల్ని సగం మూస్తూ, పావు మూస్తూ గమకాలు పుట్టిస్తారు. అసలు కిటుకంతా పీకలో ఉంది. దాన్ని ఘమీష్ అంటారు. అరాక్స్ నది ఒడ్డున పెరిగే రెల్లులాంటి గడ్డితో చేస్తారు. మన సన్నాయి పీక చిటికెన వేలంత ఉంటే ఇది అరచేతి పొడవుంటుంది. పైన నొక్కి చదును చేసి, నడుమ ఒక చిన్న పట్టీ వేస్తారు. ఆ పట్టీని పైకీ కిందికీ జరిపి శ్రుతి చూసుకోవాలి. వాయించనప్పుడు మూత తొడగాలి, లేకపోతే నోరు తెరుచుకుని ఉండిపోతుంది.

వాయించే ముందు పీకలోకి కాసిన్ని నీళ్లు పోసి, విదిలించి, ఓపిక పట్టాలి. పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అది మెల్లగా పెదాలు విప్పుతుంది. తొందరపడి వేళ్లతో విప్పబోయి మొదటి ఘమీష్‌ని నిలువునా చీల్చాను. వర్పెత్ ఏమీ అనలేదు. ముక్కల్ని చెత్తబుట్టలో వేయకుండా కిటికీ మీద పెట్టారు. నేను అక్కడున్నన్నాళ్లూ అవి అక్కడే ఉన్నాయి. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఇక ఊపిరి. దమ్ పట్టేవాడు గాలి పీల్చుకోవడానికి ఆగకూడదు. బుగ్గల నిండా గాలి నిలవ చేసుకుని, దాన్ని బుగ్గలతోనే బయటికి నెడుతూ, సరిగ్గా ఆ క్షణంలోనే ముక్కుతో లోపలికి పీల్చుకోవాలి. ఆ బుగ్గ కండరాన్ని బక్సినేటర్ అంటారని, లాటిన్‌లో దానికి బూర ఊదేవాడని అర్థమని మొదటి ఏడాదిలోనే బట్టీ పట్టాను. బట్టీ పట్టిన కండరం వేరు, పనిచేసే కండరం వేరు. వర్పెత్ ఒక గ్లాసులో నీళ్లు పోసి స్ట్రా ఇచ్చారు. బుడగలు ఆగకూడదు, అంతే పాఠం. రాత్రుళ్లు హాస్టల్లో అదే పని. నల్లగొండ వాడు మూడో రోజుకి దిండు విసిరాడు. "చేపల తొట్టి పక్కన పండినట్టుంది రా బై." మొదటి వారం ముక్కులోకి నీళ్లు పోయాయి. రెండో వారం బుడగలు ఒక్క రవ్వంత తడబడి మళ్లీ అందుకునేవి. మూడో వారం చివర్లో, ఫార్మకాలజీ చదువుతూ వేరే ధ్యాసలో ఉండగా, నాలుగు నిమిషాలు ఆగకుండా వచ్చాయి. చూసుకున్న మరుక్షణం ఆగిపోయాయి.

అసలైన దుదుక్‌కి 40,000 ద్రాములయ్యింది. ఇంట్లో పుస్తకాలకని చెప్పాను.

ఊపిరి నిలబడ్డాక తెలిసింది, అది సగం పనే. వర్పెత్ పక్కన కూర్చుని స్వరం పట్టుకుంటే మొదట్లో రెండు స్వరాలూ ఒకదాన్నొకటి కొట్టుకునేవి, గుండెలో వణుకులాగా. ఆయన ఆపేవారు కాదు. కనుబొమ ఒకటి పైకి లేపేవారు. పెదవి బిగించు, లేదా వదులు. పీక వేడెక్కుతుంది, తడుస్తుంది, స్వరం జారుతుంది. ఆయనది జారితే నాదీ జారాలి, ఆయనకన్నా ముందు కాదు, మరీ తర్వాతా కాదు. పాట ఇంకో స్వరం మీద వాలితే దమ్ కూడా అక్కడికి నడవాలి. ఎప్పుడు నడవాలో ఎక్కడా రాసి ఉండదు. ఆయన భుజం చూసి తెలుసుకోవాలి.

నాకు విసుగొచ్చి ఒకరోజు అడిగాను, ఫోన్లో దమ్ దొరుకుతుంది కదా వర్పెత్, ఎంత కావాలంటే అంతసేపు పలుకుతుంది అని. ఆయన కోప్పడలేదు. పెట్టమన్నారు. పెట్టాను. లోరి కొండల పాట ఒకటి ఎత్తుకున్నారు. బాగానే నడిచింది. మూడో నిమిషంలో ఆయన పీక కొంచెం దిగింది. ఫోను దిగలేదు. ఆయనే పెదవి బిగించి పైకి లాక్కున్నారు, పాటలో ఆ మెత్తదనం పోయింది. అయ్యాక పీకకి మూత తొడుగుతూ అన్నారు: "దీనికి నేను వంగాలి. నా తమ్ముడు నాకు వంగేవాడు."

ఆ రాత్రి తాతయ్యకి వీడియో కాల్ చేసి ఈ మాట చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సన్నాయి గంట వాయిస్తే వేడెక్కి శ్రుతి రవ్వ పైకెళ్తుంది రా. నేను వెళ్లేవాణ్ణి. పెట్టె వెళ్లదు. మీ పెదతాత చివరి రోజుల్లో దాన్ని చూసి పళ్లు కొరికేవాడు, కానీ నన్ను మళ్లీ పిలవలా" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జనపదాల పాటల్ని కాపాడటం అనగానే ఆర్మేనియాలో ఎవరైనా చెప్పే పేరు కోమితాస్. ఎరెవాన్‌లో కన్సర్వేటరీకి ఆయన పేరు, ఒక పెద్ద రోడ్డుకి ఆయన పేరు, 2015లో తెరిచిన మ్యూజియానికి ఆయన పేరు. ఒక సెలవు రోజు వెళ్లాను. 1869లో ఇప్పటి టర్కీలోని కుతాహ్యాలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. పన్నెండేళ్లప్పుడు, 1881లో, గొంతు బాగుందని ఆర్మేనియన్ చర్చికి ప్రధాన పీఠమైన ఎచ్మియాజిన్ మఠానికి తీసుకొచ్చారు. అప్పటికి ఆ పిల్లాడికి వచ్చింది టర్కిష్, ఆర్మేనియన్ రాదు. ఆ పిల్లాడే పెద్దయ్యాక ఊరూరూ తిరిగి వేలల్లో పాటలు రాసుకున్నాడు. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆటోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్ పెద్దల్ని పట్టుకుపోయినప్పుడు ఆయన్నీ పట్టుకుపోయారు. ప్రాణంతో తిరిగొచ్చాడు, మనసు మాత్రం రాలేదు. ఆసుపత్రుల్లోనే ఏళ్లు గడిపి 1935లో పారిస్ దగ్గర పోయాడు. కాగితాలు చాలా చెల్లాచెదురయ్యాయి. మిగిలినవి పన్నెండు వందల పైచిలుకు పాటలు.

ఇదంతా ఎక్కడైనా చదవొచ్చు. నన్ను పట్టుకున్నది వేరే. లోరి ప్రాంతంలో వర్దబ్లూర్ అనే ఊరి దుక్కి పాట మీద ఆయన పెద్ద వ్యాసమే రాశాడు. స్వరాలు రాసి ఊరుకోలేదు. నాగలి ఎలా కదులుతుంది, ఎద్దుల్ని ఎక్కడ అదిలిస్తారు, ఒకడు ఎత్తుకుంటే మిగిలినవాళ్లు ఎక్కడ అందుకుంటారు, అన్నీ రాశాడు. అంటే ఆయన దృష్టిలో హో, హో అన్న కేక కూడా పాటే. మన దగ్గర ఏతం పాటల్ని సేకరించి అచ్చేసినప్పుడు బానకీ బానకీ మధ్య లెక్కపెట్టే గొంతుని ఎంతమంది రాశారో గానీ, నాకు ఆ వ్యాసం గురించి తెలిశాక సేకరణ అనే పని మీద గౌరవం పెరిగింది. వర్పెత్‌కి ఈ సంగతి ఉత్సాహంగా చెప్తే ఆయన చెయ్యి ఊపేశారు. "మా తాత ఎద్దుల్ని తిట్టిన తిట్లు కోమితాస్‌కి ఎవరూ చెప్పి ఉండరులే."

యునెస్కో 2005లో దుదుక్ సంగీతాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది, 2008లో జాబితాలో చేర్చింది. అప్పుడే ఒక మాట కూడా అంది, పల్లెల్లో పెళ్లిళ్లకీ పండగలకీ దుదుక్ తగ్గిపోతోంది, వేదికల మీద ఆరితేరినవాళ్ల చేతుల్లో మాత్రం కనపడుతోంది అని. నేను చూసిందీ అదే. 2021లో పోయిన దుదుక్ విద్వాంసుడు జీవాన్ గాస్పర్యాన్ పుణ్యమా అని దుదుక్ హాలీవుడ్ సినిమాల్లో ఏడుపు సీనుకి మారుపేరైపోయింది. మంచిదే, లోకానికి తెలిసింది. కానీ అక్కడా వినపడేది పాట పట్టినవాడి పేరే. దమ్ పట్టినవాడి పేరు క్యాసెట్టు మీద వెతుక్కోవాలి. ఆటకి ఇంత దిగుల్లేదు లెండి. వేసవిలో కాస్కేడ్ మెట్ల దగ్గర జనం చిటికెన వేళ్లు పెనవేసి కొచారీ అనే గుంపు నృత్యం ఆడుతుంటే ఎవరైనా వరసలో దూరిపోవచ్చు. నేనూ దూరి ఇద్దరి కాళ్లు తొక్కాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి వర్పెత్ ఫోన్ చేశారు. "రేపు క్లాసులున్నాయా?" ఉన్నాయన్నాను. "మధ్యాహ్నం తర్వాత?" లేవన్నాను. మా వీధికి రెండు వీధుల అవతల ఒక ముసలాయన పోయాడు. ఇక్కడ దుదుక్ చావుకీ కావాలి.

నా నోట మాట రాలేదు. మా ఇంట్లో సన్నాయి మంగళ వాద్యం. చావుకి డప్పు వేరే వాళ్లది. తాతయ్య ఒత్తు పట్టుకుని చావు జరిగిన వీధిలోంచి కూడా నడిచేవాడు కాదు. కానీ వర్పెత్‌కి కాదనడం ఎలా?

పాత సోవియట్ భవనం, రాళ్లు పరిచిన పెరడు. మగవాళ్లు నల్ల కోట్లలో బయట గుంపుగా నిలబడ్డారు. వచ్చేవాళ్ల చేతుల్లో పూలు సరి సంఖ్యలో ఉన్నాయి, బేసి సంఖ్య పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ. గుమ్మం పక్కన మాకు రెండు కుర్చీలు వేశారు. చలికి పీక బిగుసుకుపోతుందని వర్పెత్ దాన్ని దారంతా చంకలో పెట్టుకుని తెచ్చారు, నన్నూ అలాగే చెయ్యమన్నారు. ముందు నేను మొదలుపెట్టాలి. ఎప్పుడూ దమ్ ముందే మొదలవుతుంది, పాట తర్వాత వచ్చి దాని మీద కూర్చుంటుంది. ఆ కొన్ని క్షణాలు అంత పెరట్లో, అంత మంది మధ్య, నా స్వరం ఒక్కటే ఉంది.

నలభై నిమిషాలు పట్టాను అనుకుంటా. పెదవులు మొద్దుబారాయి. ఒకచోట వర్పెత్ పైకి వెళ్లి, అక్కడ వదిలేసి, ఊరికే కూర్చుండిపోయారు. తర్వాత వస్తారేమో అని ఆయన భుజం చూశాను. కదల్లేదు. లోపలి నుంచి ముసలామె ఏడుపు వినపడింది. శోకాలు పెడుతోంది, మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. ఆమె గొంతు వచ్చి నా స్వరం మీదే వాలింది. అప్పుడు తెలిసింది ఆయన ఎందుకు ఆగారో. ఆమె ఆగేదాకా నేను పట్టుకునే ఉన్నాను. ఆ తర్వాత ఆయన మళ్లీ అందుకున్నారు.

అయ్యాక హోగెహాత్స్‌కి, అంటే ఆత్మ పేరిట పెట్టే భోజనానికి, మమ్మల్నీ కూర్చోబెట్టారు. చచ్చిపోయినాయన కొడుకు నా భుజం మీద చెయ్యేసి "అప్రెస్" అన్నాడు. శభాష్ అనాల్సిన చోట వాళ్లు అనే మాట అది. అచ్చంగా చూస్తే 'బతకాలి నువ్వు' అని. చావింట్లో ఆ మాట వినడం నాకు వింతగా అనిపించింది. వాళ్లకి అదేం వింత కాదు. బయటికొచ్చాక వర్పెత్ వాళ్లిచ్చిన నోట్లు లెక్కపెట్టి సగం నా జేబులో కుక్కారు. వద్దన్నా వినలేదు.

అమ్మకి ఫోన్లో చెప్తే అనుకున్నట్టే అయ్యింది. "చావింట్లో ఊదావా? పరీక్షలు పెట్టుకుని? స్నానం చేశావా?" వెనక నుంచి తాతయ్య ఫోన్ లాక్కున్నాడు. ఏమంటాడో అని బిక్కచచ్చి కూర్చున్నాను. ఆయన అడిగింది ఒకటే.

"సగం ఇచ్చాడా?"

"ఇచ్చారు తాతయ్యా."

"సగమా!" అన్నాడు. మేళంలో అందరికన్నా తక్కువ వాటా ఒత్తుది.

జులైలో సెలవులకి ఇంటికొచ్చాను, బ్యాగులో ఎండబెట్టిన త్సిరాన్‌లు రెండు కిలోలు, దుదుక్, మూడు ఘమీష్‌లు పెట్టుకుని. అటక మీంచి ఒత్తు దింపాం. కర్ర బాగానే ఉంది. పీక చేత్తో ముట్టుకోగానే పొడైపోయింది. నా ఘమీష్ దానికి పట్టదు, లావు తేడా. చీరాలలో అడిగితే ఒత్తు పీకలు ఎవరు చేస్తారో తెలిసినవాళ్లు దొరకలేదు. తాతయ్య కర్రని గుడ్డతో తుడిచి గోడకి ఆనించి, దుదుక్ వాయించమన్నాడు. దమ్ పట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. ఎనభై రెండేళ్ల మనిషి, నిద్రపోయాడేమో అనుకున్నాను.

తర్వాత లోపలికెళ్లి ఒక గ్లాసు నీళ్లూ, మా చెల్లి కొబ్బరి బొండంతో తెచ్చుకున్న స్ట్రా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఊదడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి చూపించి లెక్కపెట్టాను. ఒక నిమిషం. రెండు. బుడగల్లో ఎక్కడా తడబాటు లేదు. మూడో నిమిషంలో దగ్గొచ్చి ఆపాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, వంగి నా బుగ్గ రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"కింది వైపు గాలి ఉబ్బుతోంది నీకు. అందుకే ముక్కు చప్పుడు వినపడుతోంది. మీ పెద్దాయన చెప్పలా?"